పెద్ద పిల్లల పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్ట్: చేత్తో కుట్టిన నోట్‌బుక్ ఎలా చేయాలి?

పుట్టినరోజు రేపనగా ఈ రాత్రి రిటర్న్ గిఫ్టుల కోసం షాపులకి పరుగెత్తే తల్లిదండ్రుల్ని మా అపార్ట్‌మెంటులో ప్రతి నెలా చూస్తూనే ఉంటాను. తెచ్చేవి ఎప్పుడూ అవే. కార్టూన్ బొమ్మ ఉన్న పెన్సిల్ బాక్సు, రెండు రబ్బర్లు, ఒక చాక్లెట్, పైన మెరిసే కవరు. ఆరేళ్ళ పిల్లకి అది పండగే. పన్నెండేళ్ళ పిల్లాడు మాత్రం మర్యాదకి థాంక్స్ చెప్పి, లిఫ్టు దిగేలోపు చాక్లెట్ తినేసి, మిగతాది చెల్లి చేతిలో పెట్టేస్తాడు.

పదేళ్ళు దాటినవాళ్ళకి ఐదు చిన్న వస్తువులు ఇవ్వకండి. ఒక్కటే ఇవ్వండి. దాని మీద తన పేరుండాలి, లోపల స్నేహితుడు స్వయంగా రాసిన మాట ఉండాలి. మా ఇద్దరు పిల్లల పుట్టినరోజులకీ, అడిగిన ఇరుగుపొరుగువాళ్ళకీ నేను ఏడేళ్ళుగా నోట్‌బుక్కులు కుడుతున్నాను. పని కష్టం కాదు. అయితే చూసి నేర్చుకుందామనుకునేవాళ్ళు చాలామంది అట్ట దగ్గరా కుట్టు దగ్గరా తొందరపడి, వారానికే పేజీలు ఊడిపోయే పుస్తకాలు పంచుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సామాను

ఏ3 సైజు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) తెల్ల కాగితం, అట్టకి ఏ3లోనే 250 జీఎస్‌ఎం కార్డు షీట్లు, ఎంబ్రాయిడరీ నూలు దారం, మొన మొద్దుగా ఉన్న సూది, సన్నని దబ్బనం, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్, కొవ్వొత్తి ముక్క, ఒక స్టీలు చెంచా. ఇవన్నీ హైదరాబాదులో బేగంబజారులోనో కోఠీలోనో ఒక్క పూటలో దొరుకుతాయి. మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎర్ర లైను మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర దిగండి. ఆ సందుల్లోకి కారు తీసుకెళ్ళకండి.

అట్ట రంగుల్ని అమ్మాయిలకి గులాబీ, అబ్బాయిలకి నీలం అని విడదీయకండి. ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, ఆవపిండి పసుపు, ఈ మూడూ చాలు.

కాగితాన్ని ఏ3లోనే ఎందుకు కొనాలి?

"ఏ4 మధ్యకి మడిస్తే సరిపోదా?" అని అందరూ అడుగుతారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. పదిహేను పుస్తకాలు కుట్టాను. పార్టీ రోజు పొద్దున చూస్తే అన్ని అట్టలూ మడత దగ్గర పెచ్చులుగా లేచి, లోపలి తెలుపు బయటపడింది.

చెక్కకి ఉన్నట్టే కాగితానికీ నార ఉంటుంది. ప్రెస్సువాళ్ళు దాన్ని గ్రెయిన్ అంటారు. నార వెంబడి మడిస్తే మడత మెత్తగా, నున్నగా పడుతుంది. నారకి అడ్డంగా మడిస్తే కాగితం ఎదురుతిరుగుతుంది, మందపాటి అట్టయితే పగులుతుంది. మామూలు ఏ4 కాగితంలో నార సాధారణంగా పొడుగు వైపు ఉంటుంది. మనం మడిచేదేమో దానికి అడ్డంగా. అదే పొడుగు నార ఉన్న ఏ3ని మధ్యకి కోస్తే వచ్చే రెండు ఏ4 ముక్కల్లో నార పొట్టి వైపుకి వస్తుంది. అప్పుడు మడతా నారా ఒకే దారిలో ఉంటాయి.

ఇది మాటమీద నమ్మనక్కర్లేదు. షీటుని మడత పడకుండా ఒకసారి పొడుగ్గా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఎటు వంచితే తేలిగ్గా లొంగిందో, ఆ వంపు గీత వెంబడే నార ఉన్నట్టు. కార్డు షీటుకి ఈ పరీక్ష తప్పనిసరి, కొనేముందు షాపులోనే చేయండి. కోత కూడా కాగితం అమ్మే షాపులో కట్టింగ్ మిషన్ మీద చేయించుకోండి. ఇంట్లో కత్తెరతో కోస్తే అంచులు ఎలుక కొరికినట్టుంటాయి.

ఒక్కో పుస్తకానికి పది ఏ4 ముక్కలు, ఒక అట్ట. మడిస్తే నలభై పేజీలు వస్తాయి. పన్నెండు షీట్లు దాటొద్దు, పుస్తకం మూసుకోకుండా నోరు తెరుచుకుని ఉంటుంది.

పేర్లు, మొదటి పేజీ

కుట్టకముందే రాయించాలి. పది షీట్లలో అన్నిటికన్నా బయట ఉండేదాన్ని విడిగా తీసి, మొదటి పేజీ మీద పుట్టినరోజు పిల్లే ఒక్కో స్నేహితుడికి ఒక్కో వాక్యం రాయాలి. తప్పు పోతే ఆ ఒక్క షీటు మారుస్తాం. కుట్టాక తప్పు పోతే పుస్తకం మొత్తం విప్పాలి.

"హ్యాపీ ఫ్రెండ్‌షిప్" లాంటివి రాయనివ్వకండి. "నువ్వు ఆ రోజు స్కూలు బస్సులో నీ సీటు నాకిచ్చావు" అని మా చిన్నది ఒక పిల్లకి రాసింది. ఆ పిల్ల కేకు కూడా వదిలేసి, మూల సోఫాలో కూర్చుని ఆ పేజీ రెండుసార్లు చదువుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆంటీ, ఇది తనే రాసిందా, మీరు చెప్తే రాసిందా?" అని అడిగింది. తనే రాసిందన్నాను. పుస్తకం మూసి బ్యాగులో అన్నిటికన్నా అడుగున పెట్టుకుంది.

అట్ట మీది పేరు స్పెల్లింగ్ వాళ్ళ అమ్మనో నాన్ననో వాట్సాప్‌లో అడిగి ఖాయం చేసుకోండి. క్లాసులో ముగ్గురు సాయిలుంటే పూర్తి పేర్లు రాయండి. తెలుగులో రాయాలా, ఉర్దూలో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అన్నది ఆ పిల్ల దేన్ని ఇష్టంగా చదువుతుందో దాన్నిబట్టి.

మడత

షీట్లు రెండు మూడు చొప్పున మడిచి, చెంచా వీపుతో మడత మీద గట్టిగా రుద్దండి. అన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి, పైన అట్ట వేయండి. ఇంతే.

రంధ్రాలు, కుట్టు: ఇక్కడే నిదానం కావాలి

చిన్న చార్టు ముక్కని 21 సెంటీమీటర్ల పొడవు కోసి, మధ్యకి మడిచి, మడత మీద 2.5, 6.5, 10.5, 14.5, 18.5 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. ఇదే మీ కొలబద్ద, అన్ని పుస్తకాలకీ ఇదొక్కటే వాడండి. మూడు రంధ్రాలు చాలనేవాళ్ళున్నారు. చిన్న పుస్తకానికి చాలు. ఇంత పొడుగుదానికి చాలవు, రెండు కొసలూ వదులైపోతాయి.

రంధ్రాలు లోపలి నుంచి బయటికే పొడవాలి. బయట అట్ట మీద నుంచి పొడిస్తే దబ్బనం లోపలి మడతని తప్పి పక్కకి దిగుతుంది, సగం షీట్లకి మడతలో, సగం షీట్లకి పేజీ మీద రంధ్రం పడుతుంది. పనికిరాని పాత లావుపాటి పుస్తకం ఒకటి మధ్యకి తెరిచి, ఆ లోయలో మీ నోట్‌బుక్‌ని సగం తెరిచి కూర్చోబెట్టండి. కొలబద్దని మడతలో పెట్టి, దబ్బనం ఏ పేజీ వైపూ వాలకుండా సరిగ్గా మధ్యలో నిలువుగా దించండి. మొన బయట కనిపించగానే ఆపండి. ఇంకా తోస్తే రంధ్రం పెద్దదై దారం ఆడుతుంది.

దారం అరవై సెంటీమీటర్లు తీసుకోండి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, మూడే వాడండి. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి. మైనం పట్టిన దారం చిక్కుపడదు, ముడి జారదు.

పై నుంచి కిందికి రంధ్రాలకి ఒకటి నుంచి ఐదు అని నంబర్లనుకోండి. లోపలి నుంచి మూడులో దూరి బయటికి రండి, లోపల పది సెంటీమీటర్ల కొస వదలండి. బయట నుంచి రెండులో లోపలికి. లోపల నుంచి ఒకటిలో బయటికి. మళ్ళీ రెండులోనే లోపలికి. ఇప్పుడు మూడుని వదిలేసి, లోపల పొడుగ్గా సాగి నాలుగులో బయటికి. ఐదులో లోపలికి. మళ్ళీ నాలుగులోనే బయటికి. చివరికి మూడులో లోపలికి. రెండు కొసలూ ఇప్పుడు లోపల మధ్యలో ఉంటాయి. రెండు నుంచి నాలుగుకి సాగిన పొడుగు దారానికి అటొక కొస, ఇటొక కొస వచ్చేలా చూసుకుని, దాన్ని మధ్యలో బంధిస్తూ రెండు ముడులు వేయండి. ఆ దారం కొసల మధ్య లేకపోతే ముడి ఎంత గట్టిగా వేసినా కుట్టు వదులే.

రెండు, మూడు, నాలుగు రంధ్రాల్లో దారం రెండుసార్లు వెళ్తుంది కదా, రెండోసారి సూది మొదటి దారాన్ని చీల్చుకుని పోకూడదు. పోతే ఆ తర్వాత ఎంత లాగినా బిగుసుకోదు. సూది మొన మొద్దుగా ఉండాలన్నది ఇందుకే. మొదటి దారాన్ని వేలితో ఒక పక్కకి నొక్కిపట్టి దూర్చండి.

దారం బిగించేటప్పుడు పైకి ఎత్తి లాగకండి. నూటికి తొంభైమంది పాడుచేసేది ఇక్కడే. పైకి లాగితే దారం రంపంలా కాగితాన్ని కోసేస్తుంది, రంధ్రం చీలి పక్క రంధ్రం వైపు సాగుతుంది. ఎప్పుడూ మడత వెంబడే, పుస్తకం పొడవునే, కుట్టు ఎటు వెళ్తోందో అటే లాగాలి. ప్రతి కుట్టుకీ కొంచెం బిగించుకుంటూ రండి, అంతా చివరికి వాయిదా వేయకండి. మొదటి రెండు పుస్తకాలూ మీరే కుట్టి, చెయ్యి కుదిరాకే పిల్లలకి సూది ఇవ్వండి.

జిగురుతో అంటిస్తే సరిపోదా అంటారు కొందరు. మైదా జిగురుకి మన జూలై, ఆగస్టు వానల్లో బూజు పడుతుంది, పురుగూ పడుతుంది. గట్టి జిగురయితే పుస్తకం వెల్లకిలా తెరుచుకోదు. కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, పగిలిన జిగురుని ఏమీ చేయలేం.

అంచు

కుట్టాక లోపలి షీట్లు అట్ట కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకొస్తాయి. తప్పు కాదు, మడతల మందం అంతే. స్టీలు స్కేలు పెట్టి, కట్టర్‌తో తేలిగ్గా ఏడెనిమిదిసార్లు గీయండి. ఒక్క దెబ్బకి కోయాలని చూస్తే బ్లేడు పక్కకి పోతుంది. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి.

పైన చుట్టడానికి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో చిరిగిన అట్లాసు ఒకటి వెతకండి. ఒక్కో పుస్తకానికి ఒక్కో దేశం పటం. అది దొరక్కపోతే పాత తెలుగు పేపరో ఉర్దూ పేపరో బాగుంటుంది. ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు.

గుమ్మం దగ్గర బల్ల మీద కుప్ప పోయకండి. పుట్టినరోజు పిల్లే పేరు చూసి, ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వాలి. పేరు రాయని పుస్తకాలు రెండు, పక్కన ఒక మంచి పెన్ను తప్పకుండా ఉంచుకోండి. పిలవకపోయినా అక్క వెంట వచ్చే తమ్ముడు ప్రతి పార్టీలోనూ ఉంటాడు.