జాంగో పాఠాలు – 4: మైగ్రేషన్ ఫైళ్లు చెరపమని ఎవరు చెప్పారు?

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో ఈ వారం వ్యూలు, టెంప్లేట్లు (పేజీ రూపం రాసే ఫైళ్లు) హాయిగా చెప్పుకుందామనుకున్నాను. మూడో పాఠం తర్వాత వచ్చిన ప్రశ్నలు చూశాక ఆ ముచ్చటని చివరికి నెట్టేశాను. పద్దు మోడల్‌కి (డేటాబేస్ టేబుల్ ఎలా ఉండాలో చెప్పే క్లాసుకి) ధర అనే ఫీల్డు, అంటే కాలమ్, చేర్చమన్నానా, ముప్పాతిక మంది అక్కడే బోర్లాపడ్డారు. తప్పు కొంత నాదే, "చేర్చి మైగ్రేట్ చేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మోడల్లో చేసిన మార్పుని డేటాబేస్‌లోకి ఎక్కించడమే మైగ్రేట్ చేయడం.

అన్నట్టు, ఈసారి కోడ్‌ని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషులో కొట్టుకోండి. పోయినసారి కొందరు కోడ్‌ని ఫోన్‌లో దాచుకుని, అక్కణ్ణుంచి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నారు. దారిలో నిలువు కొటేషన్లు కాస్తా వంకర కొటేషన్లయ్యాయి, పైథాన్ "ఇన్‌వాలిడ్ క్యారెక్టర్" అని మొరాయించింది. చేత్తో కొడితే ఈ బెడద ఉండదు.

మనం కట్టేది గుర్తుందిగా? అమ్మ గోడ క్యాలెండర్ మీద రాసే పాల లెక్క. యాప్ పేరు పాలు, మోడల్ పేరు పద్దు. తేదీ, లీటర్లు. వారం రోజుల పద్దులు ఎక్కించాం కూడా. ధర చేర్చి, మార్పుని మైగ్రేషన్ ఫైలుగా రాసే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ కొట్టగానే అది ఆగి ఓ ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నని ఎంతమంది చదివారో చేతులెత్తండి. దాని సారాంశం ఇది: "ఈ గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదని నువ్వే అన్నావు. మరి పాత వరసల్లో ఏం పెట్టమంటావు? ఒకటి నొక్కితే ఇప్పుడే ఓ విలువ చెప్పు. రెండు నొక్కితే నేను ఆగిపోతా, మోడల్లో నువ్వే డీఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే పడే విలువ) రాసుకో." టేబుల్లో ఒక్క వరస లేకపోయినా ఈ ప్రశ్న వస్తుంది. మేక్‌మైగ్రేషన్స్ వరసల్ని చూడదు. మీ మోడల్‌ని పాత మైగ్రేషన్ ఫైళ్లతో పోల్చుకుంటుంది, అంతే.

ఒకాయన ఒకటి నొక్కి, "అరవై" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. అక్కడ పైథాన్ విలువ కావాలి, మాట కాదు. అలాంటి పేరు తెలీదంది. ఇంకొకరు సున్నా ఇచ్చారు. మైగ్రేట్ చక్కగా జరిగింది, ఆ వారం పాల బిల్లు మొత్తం సున్నా అయింది. పాలాయన వింటే గేదెని తోలుకుని ఇంటిమీదికొస్తాడు. ఆ వారం లీటరు నిజంగా 60 అయితే 60 అని అంకెల్లో కొట్టడమే సరైన జవాబు. ఆ విలువ పాత వరసలకి ఒక్కసారే వాడతారు. మేక్‌మైగ్రేషన్స్ రాసిన, 0002తో మొదలయ్యే ఫైలు తెరిస్తే "ప్రిజర్వ్ డీఫాల్ట్ ఈక్వల్ టు ఫాల్స్" అని కనిపిస్తుంది, దాని అర్థం అదే. డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దు, డెసిమల్ ఫీల్డు వాడండి: మ్యాక్స్ డిజిట్స్ 6, డెసిమల్ ప్లేసెస్ 2. ఎందుకో తెలియాలంటే పైథాన్ షెల్‌లో 0.1కి 0.2 కలిపి చూసుకోండి.

ఇంతవరకూ నాకేం కోపం లేదు. కోపమల్లా మిగతావాళ్ల మీద. ప్రశ్న చూసి కంగారుపడి, ఎవరో చెప్పారని మైగ్రేషన్స్ ఫోల్డర్లో ఫైళ్లన్నీ చెరిపేసి "మళ్లీ మొదట్నుంచి" చేసినవాళ్ల మీద. ఇది నెమ్మదిగా చదవండి.

వంటసామాన్ల చీటీ తెలుసుగా. మేక్‌మైగ్రేషన్స్ చేసేది చీటీ రాయడం: ఒకటో చీటీ, రెండో చీటీ. మైగ్రేట్ ఆ చీటీ పట్టుకుని బజారుకెళ్లి సరుకు తెస్తుంది, తెచ్చాక ఇంట్లో పుస్తకంలో ఆ చీటీ పేరు రాసుకుంటుంది. చీటీలు ఫోల్డర్లో ఉంటాయి. పుస్తకం డేటాబేస్ లోపల ఉంటుంది, జాంగో మైగ్రేషన్స్ అనే టేబుల్. అందులో ఓ వరస నంబరు, యాప్ పేరు, మైగ్రేషన్ పేరు, జరిగిన సమయం తప్ప ఇంకేం ఉండవు. చీటీలో ఏం రాశారో పుస్తకానికి తెలీదు.

ఇప్పుడు మీరు చీటీలు చింపేశారు. మేక్‌మైగ్రేషన్స్ కొట్టారు. పాతవేం కనబడలేదు కాబట్టి అది తాజాగా ఒకటో చీటీ రాసింది, ధరతో సహా. దాని పేరు మళ్లీ 0001 ఇనిషియల్. మైగ్రేట్ కొట్టారు. అది పుస్తకం చూసింది. పాలు యాప్‌లో 0001 ఇనిషియల్? ఎప్పుడో తెచ్చేశాం. "నో మైగ్రేషన్స్ టు అప్లై" అని చేతులు దులుపుకుంది. మీరు సంబరపడి పేజీ తెరిచారు, "నో సచ్ కాలమ్" అని ఎర్రర్. ధర కాలమ్ చీటీలో ఉంది, ఇంట్లో లేదు. అప్పుడు నాకు రాశారు, జాంగోలో బగ్ ఉందని.

కొందరు ఫోల్డర్ మొత్తం ఎత్తేశారు, ఫోల్డర్‌ని పైథాన్ ప్యాకేజీగా చూపించే ఇనిట్ ఫైలుతో సహా. వాళ్లకి మేక్‌మైగ్రేషన్స్ "నో ఛేంజెస్ డిటెక్టెడ్" అంది. ఫోల్డర్ లేని యాప్‌ని అది తనంతట తాను పట్టించుకోదు మరి. పక్కన యాప్ పేరు రాసి అడిగితేనే కదులుతుంది.

ఆఖరికి అందరూ చేసిందేమిటంటే, డేటాబేస్ ఫైలు కూడా చెరిపేశారు. పనిచేసింది. "పనిచేసింది కదా సార్" అని రాశారు కూడా. పనిచేయకేం, వారం పాల లెక్క గంగలో కలిశాక. మొదటి ఉద్యోగంలో నేనూ ఈ పనే చేశాను. నా మెషీన్లో ఫైళ్లు చెరిపి, కొత్త 0001 తయారుచేసి, అందరి కోడ్ కలిసే గిట్‌లోకి తోసేశాను. సర్వర్ మీద మైగ్రేట్ ఏ గొడవా లేకుండా అయిపోయింది, సైటు మాత్రం లేవలేదు. అక్కడ డేటాబేస్ ఫైలు చెరిపెయ్యడానికి మా సీనియర్ ఒప్పుకోలేదు, ఎందుకో మరి. శనివారం రాత్రంతా కూర్చుని కాలమ్‌లు చేత్తో కలుపుకున్నాం.

అసలు ఈ సౌకర్యం ఊరికే రాలేదు. 2014 సెప్టెంబరులో 1.7 వెర్షన్ వచ్చేదాకా జాంగోకి సొంత మైగ్రేషన్లే లేవు. సింక్‌డీబీ అని ఉండేది, కొత్త టేబుల్ కట్టేది గానీ ఉన్న టేబుల్ని ముట్టుకునేది కాదు. ఆ పనికి సౌత్ అనే విడి ప్యాకేజీ వాడేవారు. దాన్ని రాసిన ఆండ్రూ గాడ్విన్ 2013లో కిక్‌స్టార్టర్ అనే సైటులో చందాలు పోగేసి మరీ మైగ్రేషన్లని జాంగోలోకి తెచ్చాడు. అంత కష్టపడి తెచ్చినదాన్ని మీరు డిలీట్ బటన్ నొక్కి పారేస్తున్నారు.

తప్పు చేస్తే దిద్దుకునే దారి ఇది. ముందు "పైథాన్ మేనేజ్ డాట్ పీవై షోమైగ్రేషన్స్ పాలు". ఇంటూ గుర్తు ఉన్నవి జరిగినవి, లేనివి జరగనివి. 0002లో తప్పు చేశారా? "మైగ్రేట్ పాలు 0001" కొట్టండి. జాంగో వెనక్కి నడుస్తుంది, ధర కాలమ్ తీసేస్తుంది, పుస్తకంలో 0002 కొట్టేస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క ఫైలే చెరపండి, మోడల్ దిద్దండి, మళ్లీ మేక్‌మైగ్రేషన్స్. వారం పద్దులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ ఫైలు ఇంకొకరి చేతికి వెళ్లిపోయి ఉంటే మాత్రం చెరపొద్దు, దిద్దుబాటుని 0003గా రాయండి. మైగ్రేషన్ ఫైళ్లని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

మిగిలిన కాస్త చోటులో వ్యూ. రిక్వెస్ట్ తీసుకుని రెస్పాన్స్ ఇచ్చే ఫంక్షన్, అంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు. క్లాస్ వ్యూలు ఉన్నాయి, నాకు నచ్చవు, ఈ పాఠాల్లో రావు. "పద్దులు" అని ఫంక్షన్ రాయండి. లోపల పద్దు డాట్ ఆబ్జెక్ట్స్ డాట్ ఆర్డర్ బై, కొటేషన్లలో మైనస్ తేదీ. మైనస్ ఉంటే కొత్తవి పైన. దాన్ని, టెంప్లేట్‌లో పోసి పేజీ తయారుచేసే రెండర్‌కి ఇచ్చేయండి. వెబ్ అడ్రసుని వ్యూకి కలిపే పాత్‌లో వ్యూ పేరు రాసేటప్పుడు వెనక బ్రాకెట్లు పెట్టకండి. పెడితే మీరు అక్కడికక్కడే ఫంక్షన్‌ని పిలిచినట్టు, రిక్వెస్ట్ ఏదని అరుస్తుంది. టెంప్లేట్ ఫైలు పాలు లోపల టెంప్లేట్స్ లోపల మళ్లీ పాలు అనే ఫోల్డర్లో ఉండాలి. అవును, రెండుసార్లు. రెండు యాప్‌లలో ఒకే పేరున్న టెంప్లేట్లుంటే జాంగో ముందు దొరికినదాన్ని తీసుకుంటుంది, మీరు గంటసేపు తప్పు ఫైలు దిద్దుతూ కూర్చుంటారు. ఇన్‌క్లూడ్‌తో యాప్ అడ్రసుల్ని ప్రాజెక్టుకి కలపడం, సెట్టింగ్స్‌లో యాప్ పేరు చేర్చడం చెప్పక్కర్లేదనుకుంటా.

అభ్యాసం. ఒక్కటే, కానీ ఆదివారం మధ్యాహ్నం పడుతుంది. వారం మధ్యలో పాల ధర 60 నుంచి 64 అయిందనుకోండి. ఒకే డీఫాల్ట్ ఇస్తే సగం పద్దులు తప్పవుతాయి. 0001కి వెనక్కి వెళ్లి, 0002 ఫైలు తీసేసి, ఇలా చేయండి: కొత్త 0002లో ధరని నల్ ఈక్వల్ టు ట్రూతో (గడి ఖాళీగా ఉండొచ్చని) చేర్చండి, ఈసారి ప్రశ్న రాదు. 0003ని మేక్‌మైగ్రేషన్స్ పాలు, రెండు హైఫన్లు, ఎంప్టీ అని ఖాళీగా పుట్టించి, మైగ్రేషన్ లోపల మన ఫంక్షన్‌ని నడిపే రన్‌పైథాన్‌తో తేదీని బట్టి ధర నింపండి. వెనక్కి నడిచే ఫంక్షన్ కూడా ఇవ్వండి. 0004లో నల్ తీసేయండి. అక్కడ మళ్లీ ప్రశ్న వస్తుంది, ఈసారి మూడు దారులతో. రెండోది, "ఇప్పటికి వదిలెయ్" అనేది నొక్కండి, ఎందుకంటే ఖాళీలు మీరు ముందే నింపేశారు. తర్వాత 0001 దాకా వెనక్కి, మళ్లీ 0004 దాకా ముందుకి, రెండుసార్లు నడిపించి, లీటర్లు మారలేదని, బిల్లు సరిగ్గానే వస్తోందని చూసుకోండి.

డేటాబేస్ ఫైలుకి ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. నేనూ పెట్టుకుంటాను.