బెంగళూరు అద్దె ఇంట్లో తక్కువ ఖర్చుతో స్మార్ట్ హోమ్ ఏర్పాటు చేసుకోవడం ఎలా?

స్మార్ట్ హోమ్ పెట్టుకుందామనుకునేవారిలో ఎక్కువమంది మొదట కొనేది రంగులు మార్చే బల్బు. నన్ను అడిగితే అది కొనవద్దనే చెబుతాను. స్మార్ట్ బల్బు మాట వినాలంటే గోడ మీది స్విచ్చు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. ఊరి నుంచి వచ్చిన అత్తగారో, ఇల్లు తుడవడానికి వచ్చే ఆవిడో, నిద్రకు పోయే ముందు పిల్లలో అలవాటు కొద్దీ ఆ స్విచ్చు నొక్కేశారంటే బల్బుకు కరెంటే అందదు, ఆ తరువాత ఫోనులో ఎంత నొక్కినా అది పలకదు. స్విచ్చు మీద ‘ఆపవద్దు’ అని కాగితం అంటించిన ఇళ్లు మారతహళ్లిలోనూ వైట్‌ఫీల్డులోనూ ఎన్నో చూశాను. కాగితం అంటించవలసి వచ్చిందంటే ఆ ఏర్పాటు విఫలమైనట్లే లెక్క. గోడ స్విచ్చు ఎప్పటిలాగే పనిచేయాలి, ఫోను దానికి అదనంగా ఉండాలి. ఈ నియమాన్ని ఒప్పుకున్నవారు బల్బుల జోలికి పోకుండా, స్విచ్చు వెనుక బోర్డు లోపల ఇమిడిపోయి, ఫోను చెప్పినట్లు కరెంటును కలిపి తెంచే చిన్న రిలే మాడ్యూళ్లు కొంటారు. వాటి కింద ఏ మామూలు ఎల్ఈడీ బల్బైనా వెలుగుతుంది.

కొనవలసినవి పెద్దగా లేవు. రెండు పడకగదుల ఇంటికి ఒక్కో స్విచ్చుకు ఒకటి చొప్పున పెట్టే సింగిల్ ఛానల్ వైఫై మాడ్యూళ్లు మూడు నాలుగు, గీజర్ కోసం 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ ఒకటి, ఏసీ ఉంటే రిమోట్ పని చేసిపెట్టే ఐఆర్ బ్లాస్టర్ ఒకటి, రౌటరుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి చాలు. వీటితోపాటు టెస్టరు, స్క్రూడ్రైవరు, ఇన్సులేషన్ టేపు, నొక్కి బిగించే వైరు కనెక్టర్లు, మూర వైరు. మొత్తం ఆరేడు వేల రూపాయలు దాటిందంటే ఏదో అక్కరలేనిది కొన్నారన్నమాట. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డులో తిరిగి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఫరవాలేదు గానీ, అన్నీ ఒకే యాప్‌లో నడిచేవి అయి ఉండాలి. హాలుకు ఒక కంపెనీ, పడకగదికి ఇంకో కంపెనీ అని తగ్గింపు ధరల వెంట పడితే మూడు యాప్‌లు, మూడు పాస్‌వర్డులు మిగులుతాయి. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో విడుదలైన ‘మ్యాటర్’ అనే ప్రమాణం గుర్తు డబ్బా మీద ఉంటే, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది. మాట్లాడే స్పీకరును ఇప్పుడు కొనకండి. ఆ పని ఫోను చేస్తుంది.

రౌటరు విషయం త్వరగా చెప్పేస్తాను. చవక మాడ్యూళ్లలో దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉన్న రౌటరైతే లోపలి సెట్టింగులలోకి వెళ్లి 2.4 బ్యాండుకు వేరే పేరు పెట్టి, మాడ్యూలును జత చేసేటప్పుడు ఫోనును దానికే కలపాలి. అపార్టుమెంటులో పక్కింటి రౌటర్లన్నీ ఒకే ఛానల్‌లో కిక్కిరిసి ఉంటాయి కాబట్టి 1, 6, 11 ఛానళ్లలో ఏది ఖాళీగా ఉందో చూసి అందులోకి మార్చాలి. మాడ్యూలును బోర్డులో బిగించక ముందే, మాస్టర్ బెడ్‌రూమ్ మూలన ఉన్న ఆ బోర్డు దగ్గర సిగ్నల్ ఎలా ఉందో ఫోనుతో చూసుకోవాలి. బోర్డు వెనుక ఇనుప పెట్టె ఉంటే సిగ్నల్ ఇంకా తగ్గుతుందని లెక్క వేసుకోండి.

ఇక అసలు పని స్విచ్‌బోర్డు లోపల ఉంది. నేను చూసిన చెడగొట్టిన ఏర్పాట్లన్నీ ఇక్కడే చెడ్డాయి. బోర్డు విప్పడం అలవాటు లేనివారు ఈ దశను ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. అయినా కింది సంగతులు చదివి, ఆయన పక్కన నిలబడాలి, ఎందుకంటే ఇళ్లకు వైరింగు చేయడంలో ఎంతో అనుభవం ఉన్నవారు కూడా ఈ మాడ్యూళ్లను మామూలు స్విచ్చుల్లా బిగించేస్తారు.

మొదట స్విచ్చును కాదు, మెయిన్ బోర్డులో ఆ లైనుకు కరెంటు తెంచే ఎంసీబీని ఆపాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి, ఎందుకంటే ఒకే బోర్డులో లైట్లకు ఇన్వర్టర్ లైను, పెద్ద సాకెట్టుకు మెయిన్ లైను వచ్చి ఉండడం బెంగళూరు ఫ్లాట్లలో మామూలే. టెస్టరును ముందు కరెంటు ఉన్న మరో సాకెట్టులో పెట్టి వెలుగుతోందని నిర్ధారించుకుని, తరువాత విప్పిన బోర్డులో ప్రతి వైరునూ తాకి చూసి, మళ్లీ ఆ కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి చూడాలి. వెలగని టెస్టరు కరెంటు లేదని చెబుతోందా, తానే పాడైందా అన్నది ఇలా తప్ప తెలియదు. ఆ తరువాత ఒక్క వైరు కదిలించక ముందే బోర్డు లోపలి భాగానికి రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

రెండవది న్యూట్రల్. మాడ్యూలు తాను బతకడానికి కరెంటు తెచ్చే ఫేజ్, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ రెండూ అడుగుతుంది. మన ఇళ్లలో స్విచ్చులకు ఫేజ్ మాత్రమే వస్తుంది, న్యూట్రల్ నేరుగా బల్బుకు వెళ్లిపోతుంది. అయితే అదే బోర్డులో ఒక సాకెట్టు ఉంటే దాని వెనుక న్యూట్రల్ తప్పక ఉంటుంది. సాధారణంగా అది నల్ల వైరు, ఫేజ్ ఎరుపు, భూమికి కలిపే రక్షణ వైరు ఎర్త్ ఆకుపచ్చ, కానీ ఉన్న రంగు వైరుతో పని కానిచ్చేసిన ఇళ్లు బోలెడు కాబట్టి రంగును నమ్మి ముడి వేయకూడదు. ముందు సాకెట్టు ఉన్న బోర్డులనే ఎంచుకోవడానికి కారణం ఇదే. సాకెట్టు లేని బోర్డు అయితే న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు దొరుకుతాయి గానీ, వాటితో చిన్న ఎల్ఈడీ బల్బులు ఆపినా మిణుకుమంటుంటాయి, కొన్నిటికి బల్బు దగ్గర కెపాసిటర్ కలపాలి; ఆ బోర్డును అలాగే వదిలేయమని నా సలహా. న్యూట్రల్ దొరకలేదని ఎర్త్ వైరును న్యూట్రల్‌గా వాడే ఎలక్ట్రీషియన్ ఎదురైతే అక్కడితో పని ఆపించండి. కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది పదేపదే పడిపోవచ్చు. లేని ఇంట్లో అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ఎక్కడైనా ఆ ఎర్త్ తెగిన రోజున ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ల ఒంటి మీదకే కరెంటు వస్తుంది. అలాగే ఫేజ్ ఇన్వర్టర్ లైను నుంచి, న్యూట్రల్ మెయిన్ లైను సాకెట్టు నుంచి తీసుకోకూడదు. ఫేజ్, న్యూట్రల్ జంట ఒకే లైనులోది అయి ఉండాలి.

మూడవదీ అందరూ పొరబడేదీ లూప్ వైరు. మన బోర్డులలో ఫేజ్ వైరు ఒక్కో స్విచ్చుకూ విడిగా రాదు. మొదటి స్విచ్చులోకి వచ్చి, అక్కడి నుంచి చిన్న ముక్కగా రెండవ స్విచ్చుకు, దాని నుంచి మూడవదానికి గొలుసుగా సాగిపోతుంది. కాబట్టి మీరు మార్చదలచిన స్విచ్చు వెనుక ఒక పిన్నులో రెండు వైర్లు ఇరుక్కుని కనిపిస్తే, అందులో ఒకటి కరెంటు తెచ్చేది, మరొకటి పక్క స్విచ్చుకు ఇచ్చేది. రెంటినీ ఊడదీసి ఒకదాన్ని మాత్రమే మాడ్యూలుకు ఫేజ్ ఇచ్చే ఎల్ పిన్నులో పెడితే, ఆ తరువాతి స్విచ్చులన్నీ, ఒక్కోసారి సాకెట్టుతో సహా, చచ్చిపోతాయి. అప్పుడు మాడ్యూలే చెడ్డదని దుకాణానికి తిరిగిచ్చేవారున్నారు. సరైన పద్ధతి ఏమిటంటే, ఆ రెండు వైర్లనూ ఒక మూడు రంధ్రాల కనెక్టరులో కలిపి, మూడవ రంధ్రం నుంచి ఒక చిన్న వైరు ముక్కను మాడ్యూలుకు ఇవ్వాలి. ఆ ముక్క లైట్ల వైరింగుకు వాడిన మందానిదే, అంటే 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరే అయి ఉండాలి, కాలింగ్ బెల్లుకు వాడే సన్న వైరు పనికిరాదు. కొన్ని బోర్డులలో ఈ గొలుసు ఎక్కడా తెగకుండా ఒకే రాగి తీగతో సాగి ఉంటుంది. దాన్ని లాగి ఊడదీయకుండా, అవసరమైన చోట కత్తిరించి కనెక్టరుతో అతకాలి.

నాలుగవది ఎస్1, ఎస్2 పిన్నులు. గోడ స్విచ్చు ఎప్పటిలా పనిచేయడం ఈ రెండు పిన్నుల చలవే. చాలా మాడ్యూళ్లలో ఇవి స్విచ్చు తెరిచి ఉందా మూసి ఉందా అని కనిపెట్టడానికే ఉంటాయి, వాటికి బయటి నుంచి 230 వోల్టులు ఇస్తే మాడ్యూలు ఆ క్షణమే కాలిపోతుంది. అంటే స్విచ్చుకు ఇంతకు ముందు ఉన్న ఫేజ్ వైరు, బల్బు వైరు రెండూ పూర్తిగా తొలగించి, ఖాళీ అయిన ఆ స్విచ్చు రెండు పిన్నులనుంచి రెండు వైర్లను ఎస్1, ఎస్2లకు ఇవ్వాలి. తొలగించిన బల్బు వైరు మాడ్యూలు అవుట్‌పుట్ పిన్నులోకి వెళుతుంది. ఫేజ్‌నే ఎస్ పిన్నుకు ఇమ్మనే మాడ్యూళ్లూ ఉన్నాయి కాబట్టి, ఎలక్ట్రీషియన్ ‘నాకు తెలుసు సార్’ అన్నా సరే, డబ్బాలో వచ్చిన బొమ్మ ఏం చెబితే అదే ఖాయం. రెండు చోట్ల నుంచి నడిచే టూ-వే స్విచ్చుల వైరింగు వేరుగా ఉంటుంది. మామూలువి రెండు మూడు బిగించి చేయి తిరిగేదాకా వాటిని ముట్టుకోకండి.

వైర్లన్నీ బిగించాక ఒక్కొక్కదాన్నీ మెల్లగా లాగి చూడాలి. వదులుగా ఉన్న అతుకు వేడెక్కుతుంది, వేడెక్కిన అతుకు కొన్నాళ్లకు నల్లబడుతుంది. మాడ్యూలును ఇనుప పెట్టె అడుగున కూరకుండా ముందుభాగంలో, ప్లాస్టిక్ ప్లేటు వైపు ఉంచి, యాంటెనా తీగ ఉంటే దాన్ని మడవకుండా వదిలేయాలి. ఎంసీబీ వేశాక మొదట గోడ స్విచ్చుతో బల్బు వెలిగించి చూడాలి. అది వెలిగితేనే యాప్ తెరవాలి.

ఫ్యానుకు ఇదే మాడ్యూలు పెట్టవచ్చు గానీ వేగం పాత రెగ్యులేటరుకే వదిలేయాలి. లైట్ల డిమ్మరును ఫ్యానుకు తగిలించకూడదు. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో చాలావాటినీ ఏసీనీ ఐఆర్ బ్లాస్టర్ నడుపుతుంది. ఐఆర్ గోడలు దాటదు కాబట్టి గదికి ఒకటి కావాలి.

గీజర్ లెక్క వేసి చూసుకోవలసిన విషయం. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు తీసుకుంటుంది. అందుకే 10 ఆంపియర్ల చవక ప్లగ్గులు వద్దని చెప్పేది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు చేర్చడానికి 2000 వాట్లతో దాదాపు 13 నిమిషాలు, 25 లీటర్లకు 22 నిమిషాలు చాలు. కాబట్టి స్నానానికి పావుగంట లేదా అరగంట ముందు ఆన్ అయి, ఆ వ్యవధి తరువాత తనంతట తానే ఆగిపోయేలా టైమర్ పెట్టాలి. మొత్తం ఇంట్లో కరెంటు బిల్లు మీద కనిపించేది ఈ ఒక్క ఏర్పాటే.

సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును మాత్రం స్మార్ట్ ప్లగ్గుతో నడపకండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఫోనులో ఆపినా మోటారు ఆగదు, ట్యాంకు పొంగిపోతుంది. తాగునీటితో కార్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అని 2024 మార్చిలో నీటి బోర్డు ప్రకటించిన ఊరిది. ఇక్కడ నీటిమట్టాన్ని బట్టి తానే ఆగే కంట్రోలరు, మధ్యలో మోటారు కరెంటును తట్టుకునే పెద్ద రిలే అయిన కాంటాక్టరు పెట్టించుకుంటే చాలు, వైఫై అవసరమే లేదు.

కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఏ పరికరం ఏ స్థితిలో ఉండాలో చెప్పే సెట్టింగు యాప్‌లో ప్రతి పరికరానికీ విడిగా ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. కరెంటు సరఫరా చేసే బెస్కామ్ వారు అర్ధరాత్రి రెండింటికి కరెంటు ఇస్తే ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగేది అందుకే. లైట్లకు ‘పాత స్థితి’, గీజర్‌కు తప్పనిసరిగా ‘ఆఫ్’ అని పెట్టాలి. రౌటరును మినీ యూపీఎస్ మీద ఉంచితే కరెంటు వచ్చాక అన్నీ వెంటనే కలుస్తాయి. ఇంటర్నెట్టే పోయినప్పుడు యాప్ పనిచేయకపోవడం నచ్చనివారు, పాత ల్యాప్‌టాప్ ఒకటి మూల పడి ఉంటే, ఉచితంగా దొరికే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరును అందులో పెట్టుకుని ఇంటి లోపలే నడిచే ఏర్పాటు చేసుకోవచ్చు. కంపెనీ తన సర్వరును మూసేసినా ఇంటి లోపలి ఈ ఏర్పాటు ఆగదు కాబట్టి నేను దాన్నే వాడతాను, కానీ దానికి ఓపిక కావాలి.

హోమ్ అసిస్టెంట్ పెట్టుకోనివారు, రౌటరులో అతిథుల కోసం విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్కు ఉంటే ఈ పరికరాలన్నిటినీ దానికే కలిపి, బ్యాంకు పనులు చేసే ఫోన్లనూ ల్యాప్‌టాపులనూ వేరుగా ఉంచాలి. కెమెరా పెట్టేట్టయితే గుమ్మం బయటికి చూసేలా ఒకటి చాలు, పడకగదిలో వద్దు.

అద్దె ఇల్లు ఖాళీ చేసే వారం ముందు, తీసిపెట్టుకున్న ఫొటోలు చూసుకుంటూ మాడ్యూళ్లు ఊడదీయించి పాత వైరింగు యథాతథంగా బిగించాలి, లేకపోతే అడ్వాన్సులో ఎలక్ట్రీషియన్ ఖర్చు కోత పడుతుంది. ఊడదీసిన ప్రతి పరికరాన్నీ రీసెట్ చేయాలి, ఎవరికైనా ఇచ్చేసేట్టయితే మీ యాప్ ఖాతా నుంచి కూడా తొలగించాలి. అలా తొలగించని పరికరం చాలా కంపెనీల యాప్‌లలో కొత్త యజమాని ఫోనుకు జత కాదు.