పిల్లల ఎముకలకు తిండి – 2వ పాఠం: కాల్షియం కొలవడం

పిల్లలకు కాల్షియం అందుతోందా అంటే, ‘రోజూ రాగి జావ తాగిస్తున్నాం కదా’ అంటారు తల్లిదండ్రులు. జావలో పిండి ఎంత వేశారని అడిగితే సమాధానం ఉండదు. గ్లాసు నిండా జావ ఉంటుంది కానీ, అందులో పడింది రెండు చెంచాల పిండే. మొదటి పాఠంలో ఎముక ఎలా పెరుగుతుందో చూశాం. ఈసారి కొలతల సంగతి. 200 మి.లీ. గ్లాసు, ఒక టేబుల్ స్పూను దగ్గర పెట్టుకోండి. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ఇంకా మంచిది.

ముందు, ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం రోజుకు 1–3 ఏళ్ళ వాళ్ళకు 500 మి.గ్రా., 4–6 ఏళ్ళకు 550, 7–9 ఏళ్ళకు 650, 10–12 ఏళ్ళకు 850, 13–15 ఏళ్ళకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలి. పదేళ్ళ దగ్గర అంకె ఒక్కసారిగా పైకి పోవడం గమనించారా? ఒడ్డూ పొడవూ సాగే వయసు అది. సరిగ్గా అప్పుడే చాలామంది పిల్లలు పాలు మానేస్తారు.

పాలతో లెక్క తేలిక. 200 మి.లీ. గ్లాసుకు సుమారు 240 మి.గ్రా. వెన్న తీసిన పాలైనా కాల్షియం తగ్గదు, నీళ్ళు కలిపితే తగ్గుతుంది. సగానికి సగం నీళ్ళు పోస్తే గ్లాసుకు 120 మాత్రమే. పెరుగూ అంతే: 100 గ్రాములు, అంటే చిన్న కప్పుడు గడ్డ పెరుగు, 120 దాకా ఇస్తుంది. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్ళు పోసిన మజ్జిగ గ్లాసుడు తాగితే వచ్చేది 60. పాలు మంచివని లీటర్లకు లీటర్లు పట్టించడం ఇంకో పొరపాటు. రెండు, మూడేళ్ళ పిల్లలకు అర లీటరు దాటితే కడుపు నిండిపోయి అన్నం ముట్టరు. పాలలో ఇనుము దాదాపు ఉండదు కాబట్టి రక్తహీనత వస్తుంది. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాల బదులు ఆవు పాలో, గేదె పాలో పట్టకూడదు.

ఇక రాగులు. 100 గ్రాముల్లో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది, ధాన్యాల్లో దీనికి సాటి లేదు. అయితే తలకొట్టిన టేబుల్ స్పూను పిండి తూగేది 8 గ్రాములే. రెండు స్పూన్ల జావ 60 కూడా దాటదు. నాలుగు స్పూన్లు వేస్తే 110 వస్తుంది, కానీ జావ చిక్కబడి పిల్లలు వద్దంటారు. అందుకే రొట్టె, దోసె, సంగటి మేలు. సంగటిలో 40 గ్రాముల పిండి పడితే 140 వచ్చినట్టే.

రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టి ఉంచుతుంది. మొలకెత్తిస్తే ఆ పట్టు సడలుతుంది. కడిగి 10–12 గంటలు నానబెట్టండి. నీళ్ళు పూర్తిగా వంచేసి పలచని తడిగుడ్డలో మూటకట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా నీళ్ళు చిలకరించండి. ఒకటి, ఒకటిన్నర రోజుకు తెల్లని మొలక కనిపిస్తుంది. నీళ్ళు మిగిలిపోయిన మూట జిగురుపట్టి పుల్లగా వాసన వేస్తుంది, దాన్ని పారేయాల్సిందే. మొలకలు బాగా ఆరాక సన్నని సెగ మీద దోరగా వేయించి మరపట్టించండి. ఆ తర్వాత మెత్తగా ఉండాలని సన్న జల్లెడ పట్టేస్తారు. అక్కడే నష్టం! రాగిలో కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొట్టులోనే. ఏడాది దాటిన పిల్లలకు జల్లించకుండానే వాడండి.

ఆకుకూరల్లో మునగాకుకు మా ఓటు. గుప్పెడు, అంటే 25 గ్రాముల పచ్చి ఆకు పప్పులో పడితే సుమారు 80. పాలకూరను ఈ లెక్కలో వేయకండి. దానిలోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేసుకోవడం వల్ల కాల్షియం ఒంటికి పట్టేది చాలా తక్కువ. నువ్వుల అంకె పెద్దదే, 10 గ్రాములకు 120 పైన. కానీ అందులో చాలా భాగం పొట్టులో ఆక్సలేట్‌తో కలిసి ఉంటుంది. నువ్వుండ పెట్టండి, పాలకు బదులు అనుకోకండి. చేపలు తినే ఇళ్ళలో ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు మంచి దారి. ఎండువైతే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఉప్పు వదిలించాలి, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పోతుంది.

ఏడేళ్ళ పిల్లకు ఒక రోజు ఇలా: ఉదయం గ్లాసు పాలు 240, రాగి దోసెలు 30 గ్రాముల పిండితో 105, మధ్యాహ్నం మునగాకు పప్పు 80, పెరుగన్నం 120, సాయంత్రం నువ్వుండ 120. మొత్తం 665. నువ్వుల అంకెను నమ్మలేం కాబట్టి రాత్రికి ఇంకో అర గ్లాసు పాలు ఇవ్వండి.

నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో బోరు నీళ్ళు తాగే ఇళ్ళకు ఒక మాట. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి, తిండిలో కాల్షియం తక్కువైతే పిల్లల ఎముకలకు రెండింతల దెబ్బ. నల్గొండ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి 1970ల్లోనే శాస్త్రవేత్తలు రాశారు. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మి.గ్రా. దాటితే వేరే నీళ్ళు చూసుకోవాలి. వేరే దారే లేకపోతే 1.5 వరకు అనుమతి. నీళ్ళు పరీక్ష చేయించకుండా మిగతా లెక్కలు వేసుకుని ఏం లాభం?

కాల్షియం సిరప్ తెచ్చేముందు ఈ పని చేయండి. వరసగా మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం, బిడ్డ నిజంగా తిన్నది రాయండి. కంచంలో వదిలేసింది తీసేయాలి. బడిలో రాగి జావ ఇస్తే గ్లాసుడు కాదు, అందులో పిండి ఎంత అని అడిగి రాయండి. మూడు రోజుల సగటు, బిడ్డ వయసుకు కావాల్సిన అంకె కన్నా 100 మి.గ్రా. పైగా తగ్గితే ముందు పెరుగో, పాలో పెంచి మళ్ళీ లెక్క చూడండి. మణికట్లు లావెక్కినా, రెండేళ్ళు దాటాక కాళ్ళు విల్లులా వంగే ఉన్నా, నడక ఆలస్యమైనా లెక్కలు పక్కన పెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి. అది విటమిన్ డి లోపం వల్ల ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు కావచ్చు. ఎండలో ఎప్పుడు ఉండాలి, చుక్కల మందు సీసా మీద మి.లీ.కు 400 యూనిట్లా, 800 యూనిట్లా అని ఎందుకు చూడాలి, పెద్దవాళ్ళ 60,000 యూనిట్ల పొడి పొట్లం పిల్లలకు రోజూ ఇస్తే ఏమవుతుంది అన్నవి 3వ పాఠంలో.