పచ్చదడి పెంచుదాం – 3వ పాఠం: ఏ మొక్క వేయాలి?

పెరటికి మరుగుగా మొక్కలతో పెంచే దడి కోసం పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? నూతిగట్టు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ల చూపు ఎక్కడ పడుతోందో గమనించి, అక్కడ పురికోస కట్టమన్నాను. కట్టినవాళ్లకి దడి ఎంత పొడవో, ఎంత ఎత్తో ఈపాటికి తెలిసే ఉంటుంది. నడిచే మనిషి చూపు ఆపడానికి ఆరడుగులు చాలు. పక్క మేడ మీంచి చూసేవాళ్లని ఏ దడీ ఆపలేదు, ఆ ఆశ వదిలేయండి.

మొక్కల్లోకి వెళ్లేముందు నా తెలివితక్కువతనం చెప్పాలి. విజయనగరంలో ఇల్లు కట్టుకున్న కొత్తలో, ఏటేటా తాటాకు దడి మార్చలేక, హద్దు పొడవునా నిలువుగా పెరిగే అశోక మొక్కలు వేశాను. నాలుగైదేళ్లకి బ్రహ్మాండంగా లేచాయి. కింద మూడడుగులు మాత్రం ఉత్త మానులే! బట్టలు ఉతుక్కుంటుంటే ఆ సందుల్లోంచే "ఏం కూర పిన్నీ?" అని పలకరింపులు. మరుగు నడుము దిగువన కూడా కావాలని అప్పటికి గాని అర్థం కాలేదు.

కాబట్టి మొక్కని రెండు రకాలుగా పరీక్షించాలి. మొక్క మొదలు దగ్గర, నేల దాకా ఆకు ఉంటుందా? మాఘం నుంచి వైశాఖం దాకా ఆకు నిలుస్తుందా? వానాకాలంలో ఏ మొక్కయినా పచ్చగానే ఉంటుంది, అప్పుడు చూసి కొంటే మోసపోతాం. గ్లిరిసిడియా కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కానీ పూతకొచ్చే మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చేస్తుంది. నేపాళం కూడా అంతే. గోరింట పరవాలేదు గాని, నీరు అందకపోతే వేసవిలో పలచబడిపోతుంది.

మన ఎర్రనేలల్లో నా ఓటు వాక్కాయకి. ఏడాది పొడవునా ఆకుంటుంది, ఎండకి బెదరదు, ముళ్లుంటాయి కాబట్టి మేక మూతి పెట్టదు. కాయలొచ్చాక పప్పులోకి, పచ్చడిలోకి ఎలాగూ వాడుకుంటాం. ఒకటే లోపం, పెరుగుదల నిదానం. రెండేళ్లు ఓపిక పట్టాలి. పిల్లలు ఆడుకునే వైపు వద్దు, ఆ ముళ్లు గట్టివి. వీధి వైపుకి పెట్టుకోండి.

పెరటి లోపలి వైపుకి మందార. తొందరగా ఎదుగుతుంది, కత్తిరించినకొద్దీ గుబురు కడుతుంది, దేవుడికి పువ్వు. ముద్ద మందారం కంటే ఒంటిరేకు ఎర్రమందారమే దడికి మొండిది. పిండినల్లి మాత్రం దీన్ని వదలదు. చిగురు ముడుచుకుని తెల్లటి దూదిలా కనబడిన వెంటనే ఆ కొసల్ని తుంచి దూరంగా పారేయాలి. రెండు వారాలు బద్ధకిస్తే వరసంతా అంటుకుంటుంది. అందుకే దడి మొత్తం ఒకే జాతితో నింపను. ఒక్కొక్కటి మార్చి మార్చి కూడా నాటను, ఎదుగుదల సమంగా ఉండదు. ఒక వైపంతా ఇది, ఇంకో వైపంతా అది.

మొక్కలమ్మేవాళ్లు మురయా అనే కామిని కూడా చాలా బాగుంటుంది. ఆకు చిన్నది, దట్టం, రాత్రి వాసన సరే సరి. కాని పెరట్లో నిమ్మచెట్టుంటే వద్దు. నిమ్మజాతికి తెగులు మోసుకొచ్చే సన్నటి పురుగుకి కామిని పుట్టిల్లు లాంటిది. కరివేపాకుకీ అదే పురుగు పడుతుంది.

గన్నేరు సముద్రపు గాలిని, ఉప్పుని తట్టుకుంటుంది. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇసుక నేలల్లో బాగా నిలుస్తుంది. అయితే ఆకు నుంచి వేరు దాకా విషమే. పశువులుంటే, చిన్నపిల్లలుంటే ఆలోచించొద్దు, మానేయండి. నరికిన కొమ్మల్ని పొయ్యిలోనూ పెట్టకూడదు, ఆ పొగ కూడా మంచిది కాదు.

కోనోకార్పస్ పచ్చగోడలా లేస్తుందని అంటగడతారు. వేళ్లు నీటి గొట్టాల్లోకి దూరుతున్నాయని, పుప్పొడితో ఇబ్బంది అని ఫిర్యాదులొచ్చి గుజరాత్‌లో 2023లో నాటడమే నిషేధించారు. నేను వేయను.

గాలివాన సంగతి కూడా చూసుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆరడుగులకి కత్తిరిస్తూ ఉంచిన పొద అయితే, గాలికి విరిగినా మళ్లీ చిగురు వేసుకుంటుంది.

ఇక కొనేటప్పుడు. నర్సరీల ఊరు కడియం నుంచి వ్యాన్లలో వచ్చే మొక్కల్లో అందరూ పొడుగుదాన్నే పట్టుకుంటారు. మీరు కవరు పక్కన గొంతుకూర్చుని చూడండి: మట్టి పైన జానెడు ఎత్తులోపే మూడు నాలుగు కొమ్మలు చీలి ఉండాలి. అడుగు కన్నాల్లోంచి వేళ్లు లావుగా బయటికొచ్చి ఉంటే అది కవరులో ముదిరిపోయిన మొక్క, వదిలేయండి.

లెక్క: మందారకి మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు. నలభై అడుగుల వరసకి పదహారు ఖాళీలు, అంటే పదిహేడు మొక్కలు. చచ్చేవాటి కోసం ఇంకో రెండు. వాక్కాయకి మూడడుగులు, కామినికి రెండు. గోడకి రెండడుగులు ఎడంగా ఉండాలి, లేకపోతే వెనకవైపు కత్తెర ఆడదు.

ఈ వారం పని: మీ వీధిలో మూడిళ్ల దడులు చూసి రండి. ఇప్పుడు ఫాల్గుణమే కాబట్టి అసలు రంగు తెలుస్తుంది. నిలబడి కాదు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి చూడండి. అవతల ముగ్గు కనబడితే ఆ మొక్క పేరు కొట్టేయండి. గోతులు తీయడం వచ్చే పాఠంలో. నాటేది మృగశిర కార్తెకి, దానికి ఇంకా మూడు నెలలుంది, తొందర లేదు.