వేలంలో కారా? ముందు యార్డుకి వెళ్లండి
బ్యాంకు జప్తు చేసిన కారును ఆన్‌లైన్ వేలంలో కొనాలనుకుంటే, ఫొటోలు చూసి బిడ్ వేయకండి. ‘ఉన్నది ఉన్నట్టే’ అమ్ముతారు కాబట్టి తర్వాత గొడవపడినా లాభం ఉండదు. యార్డుకి వెళ్లి ఛాసిస్ నంబరును ఆర్‌సీతో సరిచూసుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. బెల్టు లోపలి భాగంలో బురద మరక ఉంటే అది వరదలో మునిగిన బండేమో అని అనుమానించాల్సిందే. బయట ఎంత పాలిష్ కొట్టినా, అక్కడ కడగాలన్న ఆలోచన చాలామందికి రాదు! ఆర్‌సీలో ఉన్న లోన్ ఎంట్రీ తీసేయడానికి కావాల్సిన ఫామ్ 35, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఎప్పుడిస్తారో ముందే అడగండి.

డిపాజిట్ మాత్రం వేలం నోటీసులో ఉన్న ఖాతాకే కట్టండి. ఎవరో వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి, ‘అన్నా, ఐదు వేలు కొట్టు, బండి నీకే ఆపుతా’ అంటే నమ్మకండి. వేలంలో బండిని ఆపడమేంటి? ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.