ముక్కల మీద ఒక చిప్పు

గోవా కాసినోలో పోకర్ ఆడుతూ ముక్కలు పంచే డీలర్ పక్క సీట్లో కూర్చుంటే ఒకటే టెన్షన్: మనం ఆటలో ఉండగానే, వదిలేశామనుకుని మన ముక్కలు లాగేసుకుంటారు. నాకలా రెండు రాజులు పోయాయి. మిగతా వాటిలో కలిశాక అవి మనవని చెప్పినా లాభం లేదు.

ఇప్పుడు పంచగానే బొటనవేలితో మూలలు మాత్రం ఎత్తి చూసుకుని, బోర్లా పెట్టి, పైన అన్నిటికన్నా చిన్న విలువ చిప్పు (డబ్బుకు బదులు వాడే బిళ్ల) ఒకటి పెడుతున్నాను. ముక్కలు టేబుల్ అంచు దాటనివ్వను. నా వంతు రాకముందే చిప్పు తీయను. తీస్తే వదిలేస్తున్నానని అందరికీ తెలిసిపోతుంది, ఇంకా ఆడాల్సినవాళ్లకు అది అన్యాయం.

పక్కవాళ్లు విసిరిన ముక్కలు వచ్చి మనవాటిలో కలిస్తే మాత్రం చిప్పు ఉన్నా ఆ ఆటలో మన ముక్కలు చెల్లకపోవచ్చు. అందుకే మన ముక్కలను కాస్త మన వైపుకే ఉంచుకోవాలి, అలాగని చిప్పుల దొంతర వెనక దాచకూడదు.