ఎక్స్‌ప్రెస్‌కు కొత్త పేరు పెడితే జనం పెరిగారా? లెక్క తేల్చే పద్ధతి

రాజమండ్రి–అమలాపురం ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుకు రంగు మార్చి, కొత్త పేరు పెట్టి తిప్పారనుకుందాం. కొన్ని నెలలయ్యాక ఫలితం అడిగితే ముందుగా బయటికొచ్చేది ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో) అంకె, అంటే ఉన్న సీట్లలో ఎంత శాతం నిండాయన్నది. ఆ ఒక్క అంకెనే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

యాభై సీట్ల బస్సు పది ట్రిప్పులు తిరిగితే 500 సీట్లు. అందరూ చివరిదాకా వెళ్లేవాళ్లే అనుకుంటే, 350 మంది ఎక్కినప్పుడు ఓఆర్ 70 శాతం. కొత్త పేరుతో పాటు రెండు ట్రిప్పులు తగ్గించారు, 400 సీట్లకు 320 మంది ఎక్కారు. ఓఆర్ 80కి పెరిగింది, మనుషులు మాత్రం 30 మంది తగ్గారు. అందుకే ఓఆర్ పక్కన ట్రిప్పుల సంఖ్య, మొత్తం టికెట్లు, ఏ స్టేజీలో ఎక్కి ఏ స్టేజీలో దిగారన్నది కూడా రాసుకోవాలి. కండక్టరు టికెట్లు కొట్టే యంత్రాల (టిమ్‌ల) లెక్కల్లోంచే ఈ వివరాలు తీసుకోవచ్చు.

డబ్బు తీసుకోకుండా కొట్టే జీరో టికెట్లను విడిగా లెక్కపెట్టండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆ తేదీకి ముందు నెలలతో తర్వాతి నెలలను పోల్చి, పెరిగిన జనాన్నంతా కొత్త పేరు ఖాతాలో వేస్తే అది లెక్కే కాదు. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకొకటుంది. గౌరవంగా ఉంటుందని ఎక్స్‌ప్రెస్‌ను అల్ట్రా డీలక్స్ చేసినా, నాన్‌స్టాప్ బోర్డు తగిలించినా ఆ ఉచితం వర్తించదు. అప్పుడు ఆడవాళ్లు దిగిపోయింది పేరు నచ్చక కాదు.

ఇక పంచాంగం. ఇక్కడ బస్సు రద్దీని చాలావరకు నడిపేది అదే. శనివారాలు వాడపల్లి వెంకన్న భక్తులతో రావులపాలెం దారి నిండిపోతుంది కాబట్టి వాటిని వేరే పట్టికలో పెట్టండి. సంక్రాంతి వారం, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది తీర్థం, గోదావరికి వరదొచ్చిన రోజులు తీసెయ్యండి. నిరుటి ఇదే నెలతో పోల్చేటప్పుడు కూడా ముహూర్తాలు చూసుకోవాలి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. పెళ్లిళ్లుండవు, బస్సులు పలచబడతాయి. ఆ తప్పు కొత్త రంగుది కాదు.

తర్వాత, పేరు మారని ఒక రూటును పోలికకు పెట్టుకోండి. రావులపాలెం మీదుగా వెళ్లే రాజమండ్రి–భీమవరం బస్సు పనికిరాదు. సగం దారి ఒకటే కనుక కొత్త బస్సు దాని జనాన్నే లాక్కుని ఉండొచ్చు. యానాం మీదుగా తిరిగే కాకినాడ–అమలాపురం నయం. పేరు మార్చిన రూటులో రోజుకు 400 మంది 480 అయ్యారు, అంటే 20 శాతం. పోలిక రూటు అదే కాలంలో 10 శాతం పెరిగింది. పేరు మార్చకపోయినా 440 వచ్చేవారన్నమాట, మిగిలింది 40. పేరు మార్చిన బస్సు దారిలోనే తిరిగే పల్లెవెలుగులో కూడా జనం పది శాతం పెరగాల్సింది, ఆ అంచనాకు 25 మంది తక్కువయ్యారు. ఆ 25 మందీ ఇటు మారినవాళ్లే అయితే, బస్సుల్లోకి కొత్తగా వచ్చింది 15 మందే. ఈ ఆఖరి తీసివేతను వదిలేస్తే సొంత ప్రయాణికులనే రెండోసారి లెక్కపెట్టినట్టవుతుంది.

ఆ పదిహేను మంది ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియాలంటే బస్సులోనే అడగాలి. "పేరు బాగుందా?" అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. "ఈ బస్సు లేకపోతే ఇవాళ దేంట్లో వెళ్లేవారు?" అని అడగండి. షేర్ ఆటో, బండి, కారు, ఇంకో బస్సు, అసలు వెళ్లేవాణ్ణి కాదు: ఏదో ఒకటి చెబుతారు. ఉదయం కాలేజీ ట్రిప్పులో ఒకసారి, మధ్యాహ్నం ఖాళీ ట్రిప్పులో ఒకసారి అడగండి. మొదటి నెల జవాబులను పక్కన పెట్టండి, అప్పుడు కొత్త బస్సు చూద్దామని ఎక్కేవాళ్లూ ఉంటారు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా నిలిచినవాళ్లే లెక్క.

పేరుకు ఎంత బలముందో చెప్పడానికి లాస్ ఏంజెలెస్ మెట్రో రాపిడ్ బస్సు సర్వీసును తరచూ చూపిస్తారు. 2000 జూన్‌లో ఎర్ర బస్సులతో మొదలై జనాన్ని బాగా రాబట్టింది. కానీ రంగుతో పాటు స్టాపులు తగ్గించారు, సిగ్నళ్ల దగ్గర ప్రాధాన్యమిచ్చారు, బస్సులు వెంటవెంటనే వేశారు. తర్వాత 2020లో ఆమోదించిన కొత్త ప్రణాళికలో రాపిడ్ లైన్లలో ఎక్కువ భాగాన్ని మామూలు లైన్లలో కలిపేశారు. పేరు చేసే మేలు ఒక్కటే: మెరుగుపడ్డ బస్సును దూరం నుంచి గుర్తుపట్టనివ్వడం. మెరుగుదలే లేకపోతే గుర్తుపట్టి ఏం లాభం?

ఆ గుర్తుపట్టడమే చెడిపోయే చోటు ముందు బోర్డు. కొత్త పేరు పెద్దక్షరాలతో అద్దం పైన కూర్చుంటుంది, "అమలాపురం" చిన్నదై మూలకు పోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 50 మీటర్లు దాటడానికి నాలుగున్నర సెకన్లు చాలు. అంతలో చదివి, చెయ్యెత్తి, డ్రైవరు కంట పడాలి. బస్సును 50 మీటర్ల దూరాన నిలిపి, కళ్లజోడున్న పెద్దాయన చేత చదివించండి. ఊరి పేరు తెలుగులో ముందుగా కనబడకపోతే బోర్డు మార్చాల్సిందే. చీకటి పడ్డాక ఇంకోసారి చదివించండి.

స్పేర్ బస్సుకూ అదే రంగు వేయించండి. రంగు బస్సు షెడ్డుకెళ్లిన రోజు పాత బస్సు వస్తే, కొత్తగా అలవాటైనవాళ్లు అది తమది కాదనుకుని వదిలేస్తారు. పండగ స్పెషళ్లకు ఈ బస్సులను లాగొద్దు. లాగక తప్పకపోతే ఆ తేదీలు రాసిపెట్టి లెక్కలోంచి తీసెయ్యండి.

పేరు, టైములు, స్టాపులు, ఛార్జీ ఒకే రోజున మార్చితే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ విడదీయలేరు. వీలైతే ముందు టైములు సరిచేసి రెండు నెలలు తిప్పండి, ఆ తర్వాతే రంగు వెయ్యండి.